కుక్కపిల్లకి పచ్చి కార్జం పెట్టొచ్చా? మటన్ షాపాయన దాదాపు ఊరికే ఇస్తున్నాడు

బ్రూనో_డాడీ (హనుమకొండ) · ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా బ్రూనో లాబ్రడార్, ఐదో నెల నడుస్తోంది, బరువు 16 కిలోలు. రెండు నెలల కింద ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను. అక్కడ అందరూ ప్యాకెట్ తిండి దండగ, పచ్చి మాంసమే పెట్టాలి అంటారు. మా వీధి చివర మటన్ షాపాయన పరిచయస్తుడే. ఆదివారం పూట అమ్ముడుపోని కార్జం ముక్కలు, తిల్లి, గుర్దాలు (కిడ్నీలు), ఊపిరితిత్తులు అన్నీ ఒక కవర్లో వేసి యాభై రూపాయలకి ఇస్తాడు. ఒక్కోసారి అదీ తీసుకోడు. వారానికి సరిపడా ఫ్రీజర్లో పెట్టుకుని రోజుకి పావుకిలో దాకా పచ్చిదే పెడుతున్నా. అందులో సగానికి పైన కార్జమే, ఎందుకంటే వాడికి అదంటే పిచ్చి. తోడుగా కొంచెం అన్నం.

బొచ్చు నిగనిగలాడుతోంది. కానీ దొడ్డికి నల్లగా, జారుగా పోతున్నాడు. మా ఆవిడకి టెన్షన్. "చిన్న పాప ఉన్న ఇంట్లో ఈ పచ్చి మాంసం ఏమిటి" అంటోంది. పెట్టొచ్చా, మానెయ్యాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నీలికళ్ళ_హస్కీ (హైదరాబాద్) · 9:58

నిశ్చింతగా పెట్టు బ్రో. తోడేళ్ళు అడవిలో కుక్కర్ పెట్టుకుని తింటున్నాయా?

కొండపల్లి_బొమ్మ (విజయవాడ) · 10:05

తోడేలు ఐదారేళ్ళు బతికితే గొప్ప. మా వాడు పదమూడేళ్ళు బతకాలి తమ్ముడూ, ఆ లెక్క వేరు.

పైగా కుక్క తోడేలు కాదు. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమ్ తయారుచేసే జన్యువు తోడేలుకి రెండు ప్రతులుంటే కుక్కకి చాలా ఎక్కువ ఉంటాయని 2013లోనే తేల్చారు. మన ఇళ్ళలో అన్నం తిని అరిగించుకుంటున్నది అందుకే.

రా_ఫీడర్_రవళి (బెంగళూరు) · 10:31

నేను మూడేళ్ళుగా మా రెండు కుక్కలకి పచ్చిదే పెడుతున్నాను కాబట్టి చెప్తున్నా. బ్రూనో నాన్నగారూ, మీరు చేస్తున్నది రా ఫీడింగ్ కాదండీ. కవర్లో ఏం వస్తే అది పెట్టడం.

ఈ పద్ధతి పాటించేవాళ్ళు సాధారణంగా చెప్పే లెక్క: నూటికి ఎనభై పాళ్ళు కండ, పది పాళ్ళు నమలగలిగే పచ్చి ఎముక, అయిదు పాళ్ళు కార్జం, మిగతా అయిదు పాళ్ళు గుర్దా, తిల్లి లాంటి వేరే అవయవాలు. గుండెకాయ, కందనకాయ అవయవాలే అయినా ఈ లెక్కలో కండ కిందకే వస్తాయి. 20 కిలోల పెద్ద కుక్క రోజుకి అర కిలో తింటుంది అనుకుంటే అందులో కార్జం 25 గ్రాములు. అంటే ఒక పెద్ద ఉసిరికాయంత. మీరు దానికి అయిదారు రెట్లు పెడుతున్నారు, అదీ పిల్లకి. నల్లగా జారుగా పోవడం కార్జం ఎక్కువైన కుక్కలన్నిట్లో చూస్తాం.

ఇంకోటి, నేను వాడేది కోడి. మేక, గొర్రె అవయవాలు పచ్చివి ముట్టను. ఎందుకో ఎవరైనా డాక్టర్ చెబితే బాగుంటుంది, నాకు సగమే తెలుసు.

గోదారి_గట్టు (రాజమండ్రి) · 10:40

తిల్లి అంటే ఏంటండీ? మా వైపు వినలేదు.

బ్రూనో_డాడీ (హనుమకొండ) · 10:44

ప్లీహం అండి. పొడుగ్గా, ముదురు ఎరుపులో, నాలుక లాగా ఉంటుంది. మా వైపు షాపులో అలాగే అడుగుతాం.

రవళి అక్కా, ఎముక అసలు పెట్టడం లేదు. గొంతులో ఇరుక్కుంటుందని భయం.

పశువుల_డాక్టర్ (కడప, రిటైర్డ్) · సోమవారం ఉదయం 6:15

బాబూ, మొదట పిల్ల సంగతి చూద్దాం, తర్వాత మీ పాప సంగతి. రెండూ ముఖ్యమే, రెండోది ఇంకా ముఖ్యం.

కార్జంలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. కోడిదైనా గొర్రెదైనా కాల్షియం కన్నా భాస్వరం ముప్పై రెట్లకు పైనే. కండలో కూడా కాల్షియం కన్నా భాస్వరం ఎన్నో రెట్లు ఎక్కువే. కుక్కకి కావలసింది కాల్షియం భాస్వరం కన్నా కాస్త ఎక్కువగా, తక్కువలో తక్కువ సమానంగా ఉండే తిండి. ఎముక లేకుండా మాంసం, కార్జం, అన్నం మీదే పెరిగే పిల్లకి రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం తన సొంత ఎముకల్లోంచే తవ్వుకుంటుంది. ఎముకలు పలచబడతాయి, కాళ్ళు వంగుతాయి, మంచం మీంచి దూకితే విరుగుతాయి కూడా. నా సర్వీసులో ఇలాంటి పిల్లల్ని ఎన్నో చూశాను. యజమానులంతా ఒకటే మాట: "బాగా మాంసం పెడుతున్నాం సార్, అయినా బలం లేదు". పెరుగన్నం మీద పెంచి తెచ్చేవాళ్ళూ ఉండేవారు, కానీ మాంసం పెట్టేవాళ్ళకి వచ్చే ఆశ్చర్యం వీళ్ళకి వచ్చేది కాదు.

విటమిన్ ఏ సంగతి. రోజుకి 1000 కేలరీలు తినే కుక్కకి కావలసింది 400 మైక్రోగ్రాముల లోపే. 100 గ్రాముల గొర్రె కార్జంలో 7000 పైన ఉంటుంది. ఒకరోజు ఎక్కువైతే ఏం కాదు. ఈ విటమిన్ మూత్రంలో పోయేది కాదు, కార్జంలోనే పేరుకుంటుంది. నెలల తరబడి పెడితే ఎముకలు, కీళ్ళు చెడతాయి. ఉడికించినా తగ్గదు కాబట్టి పచ్చిదా వండిందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఎంత అన్నదే.

మీ లాబ్రడార్ ముందు కాళ్ళు నిలబడినప్పుడు తిన్నగా ఉన్నాయా? మణికట్టు దగ్గర కిందకి వాలినట్టు ఉందా? చూసి చెప్పండి. రెండో సంగతి సాయంత్రం రాస్తాను, మనవణ్ణి బడికి దింపాలి.

బ్రూనో_డాడీ (హనుమకొండ) · ఉదయం 8:20

సార్, మీరు అడిగాక చూశాను. నడక కొంచెం బాతు నడకలా ఉంది. లాబ్‌లు అంతే అని గ్రూపులో అన్నారు, పట్టించుకోలేదు. ముందు పాదాలు బయటికి తిరిగి, కొంచెం చదునుగా ఆనుతున్నాయి. ఫోటో పెడుతున్నా.

పశువుల_డాక్టర్ (కడప, రిటైర్డ్) · 8:31

ఫోటో చూసి వైద్యం చెయ్యను. ఈరోజే దగ్గర్లోని డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి. అప్పటిదాకా మెట్లు ఎక్కనివ్వకండి, నున్నటి టైల్స్ మీద పరిగెత్తనివ్వకండి. కాల్షియం సిరప్ సొంతంగా కొని పోసేయొద్దు. పెద్ద జాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైనా ఎముకలు వంకర పోతాయి.

డాట్స్_అమ్మ (గుంటూరు) · 11:02

మాది డాల్మేషియన్. ఈ జాతికి యూరిక్ యాసిడ్‌ని మిగతా కుక్కల్లా మార్చుకునే శక్తి పుట్టుకతోనే ఉండదు. కార్జం, గుర్దాల్లో ప్యూరిన్లు ఎక్కువ, అవి చివరికి యూరిక్ యాసిడ్ అవుతాయి. ఇదేం తెలియక మా అత్తగారు ప్రేమ కొద్దీ వారానికి నాలుగు రోజులు కోడి కార్జం పెట్టేవారు. మూడో ఏట మూత్రం బంద్ అయి, అర్ధరాత్రి కారులో ఎక్కించుకుని పరుగో పరుగు. ఆపరేషన్ చేసి రాళ్ళు తీశారు, చిన్న చిన్న పచ్చటి గుళికలు. మా అత్తగారు ఆ రాళ్ళ సీసా పూజ గది పక్కన షెల్ఫులో పెట్టుకున్నారు, ఎందుకని ఇప్పటికీ అడగలేదు.

కాబట్టి "కుక్కకి కార్జం మంచిది" అని గుండుగుత్తగా చెప్పకండి. ఏ కుక్క అన్నది ముందు.

పశువుల_డాక్టర్ (కడప, రిటైర్డ్) · 1:10

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ మాటకొస్తే లాబ్రడార్లకి కూడా ఒకటుంది. వీటిలో కొన్నిటికి రాగి కార్జంలో పేరుకుపోయే లక్షణం వంశపారంపర్యంగా వస్తుంది. గొర్రె, ఎద్దు కార్జాల్లో రాగి చాలా ఎక్కువ, కోడి కార్జంలో చాలా తక్కువ. లాబ్ ఉన్నవాళ్ళు కార్జం పెట్టాలనుకుంటే కోడిదే మేలు.

నీలికళ్ళ_హస్కీ (హైదరాబాద్) · 1:25

సార్ మరీ భయపెడుతున్నారు. కుక్క కడుపులో ఆసిడ్‌కి ఏ క్రిమైనా మాడిపోవాల్సిందే కదా? మా వాడు రెండేళ్ళ నుంచి తింటున్నాడు, తుమ్ము కూడా రాలేదు.

పశువుల_డాక్టర్ (కడప, రిటైర్డ్) · సాయంత్రం 7:05

ఈ ఆసిడ్ మాట దగ్గరే ఆగుదాం, రెండో సంగతి ఇక్కడే ఉంది.

గొర్రె, మేక, ఆవు, గేదె కార్జంలోనూ ఊపిరితిత్తుల్లోనూ ఒక్కోసారి నీటి తిత్తులు కనిపిస్తాయి. ద్రాక్షపండంత నుంచి నిమ్మకాయంత, అంతకన్నా పెద్దవీ ఉంటాయి. తెల్లటి దళసరి గోడ, లోపల నీళ్ళలాంటి ద్రవం, అడుగున సన్నటి ఇసుక లాంటిది. ఆ ఇసుకలో ప్రతి రేణువూ ఒక బద్దెపురుగు పిల్ల తల. పేరు ఎకినోకాకస్, జబ్బు పేరు హైడాటిడ్. కుక్క ఆ తిత్తిని పచ్చిగా మింగితే, మీరు చెప్పిన ఆసిడ్, ఆ తర్వాత వచ్చే పైత్యరసం ఆ పిల్లల్ని చంపవు. నిద్ర లేపుతాయి. అవి పేగు గోడని పట్టుకుని ఆరేడు వారాల్లో గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

కుక్కకి ఏ ఇబ్బందీ కనిపించదు. తుమ్ము కూడా రాదు, మీరన్నట్టే. పురుగు పొడవు అర సెంటీమీటరు అటూ ఇటూ, దొడ్డిలో కంటికి ఆనదు. గుడ్లు మాత్రం దొడ్డితో బయటికొచ్చి మట్టికి, బొచ్చుకి, మూతికి అంటుకుంటాయి. కుక్కని ముద్దాడి అదే చేత్తో అన్నం తిన్న పిల్లవాడి కడుపులోకి వెళ్తే, గొర్రెలో తయారైన తిత్తే మనిషిలోనూ తయారవుతుంది. ఎక్కువగా కార్జంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. చిన్నప్పుడు అంటుకున్నది ముప్పై ఏళ్ళకి బయటపడొచ్చు.

ఇక్కడ జనం పొరబడే చోటు ఒకటుంది. తిత్తి ఉన్న కార్జం తిన్నా మనిషికి హైడాటిడ్ రాదు. మధ్యలో కుక్క ఉండాలి. షాపులో తిత్తి కోసి కుక్కకి విసిరిన ఆ ఒక్క క్షణమే ఈ జబ్బుని నడిపిస్తోంది. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా నమోదైన చోట్లలో మన ఆంధ్ర ప్రాంతం ఒకటి. గొర్రెలు ఎక్కువ, వీధికుక్కలు ఎక్కువ, చెట్టు కింద కోత ఎక్కువ.

లలితా_శేషు (కర్నూలు) · 7:40

మా పెద్దమ్మకి 2016లో ఇదే. కడుపులో కుడి పక్క బరువుగా ఉందని ఏడాది పాటు గ్యాస్ మాత్రలు మింగింది. స్కానింగ్‌లో కార్జంలో పెద్ద తిత్తి, లోపల పిల్ల తిత్తులు. ఆపరేషన్‌లో అది పగిలి ద్రవం చిందితే ప్రాణాంతకమైన ఎలర్జీ రావొచ్చని, మళ్ళీ కొత్త తిత్తులు మొలవొచ్చని డాక్టర్లు ఎంత జాగ్రత్త పడ్డారో. ముందూ వెనకా నెలల తరబడి ఆల్బెండజోల్ మాత్రలు. ఆమె జన్మలో మాంసం ముట్టలేదు, శుద్ధ శాకాహారి! "నాకెలా వచ్చింది" అని ఒకటే బాధ. ఇంటి ముందు కుక్కలకి రోజూ అన్నం పెట్టేది. ఆకుకూరలు పెరట్లోవే. డాక్టర్ గారు రాసింది చదివాక ఇప్పుడు అర్థమవుతోంది.

సండే_మటన్ (ఖమ్మం) · రాత్రి 9:15

రాయాలా వద్దా అని సాయంత్రం నుంచి ఆలోచిస్తున్నా. మాది మటన్ షాపే. మా నాన్న ముప్పై ఏళ్ళుగా వేటలు కోస్తారు. నీటి బుడగల కార్జం వస్తుంది, అబద్ధం చెప్పను. బుడగ ఉన్న మేర కోసి పక్కన పడేసి మిగతాది తూకానికి పెడతాం. ఊపిరితిత్తుల్లో వస్తే మొత్తం తీసేస్తాం, ఎలాగూ కొనేవాళ్ళు తక్కువ. ఆ పక్కన పడేసింది షాపు ముందు కూర్చున్న కుక్కలు తింటాయి. లేదంటే "మా కుక్కకి ఏమన్నా ఉందా అన్నా" అని అడిగేవాళ్ళ కవర్లోకి వెళ్తుంది. బ్రూనో అన్నా, నీ యాభై రూపాయల కవర్ అదే అయ్యుండొచ్చు. ఎవరికీ చెడు చెయ్యాలని కాదు. కుక్కే కదా తినేది, పారేసే బదులు అని.

కబేళాలో కోస్తే పశువుల డాక్టర్ చూసి ఇలాంటివి పక్కన పెట్టిస్తారు, ముద్ర వేస్తారు. ఆదివారం పొద్దున రోడ్డు పక్కన తాడు కట్టి కోసేదానికి ఎవరొస్తారు?

సన్నటి పొర సంచి లాగా, లోపల నీళ్ళు, ఒక తెల్ల చుక్కతో పేగుల కొవ్వుకి వేలాడేది కూడా ఒకటి వస్తుంది. అదీ ఇదేనా డాక్టర్ గారూ?

పశువుల_డాక్టర్ (కడప, రిటైర్డ్) · 9:40

నిజం రాసినందుకు నీకు దండం నాయనా. ఆ వేలాడే పలచటి సంచి వేరే బద్దెపురుగుది. మనిషికి దాని భయం లేదు, కానీ కుక్కకి పొడవాటి బద్దెపురుగు పడుతుంది. రెండూ కుక్క నోటికి వెళ్ళకూడదు.

ఆక్లాండ్_ఆంధ్ర (న్యూజిలాండ్) · మంగళవారం తెల్లవారుజామున 3:50

ఇక్కడ కుక్కకి పచ్చి గొర్రె కార్జం వెయ్యడం చట్టరీత్యా కుదరదు. నేను వచ్చిన కొత్తల్లో తెలియక కసాయి షాపులో అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. గొర్రెల దేశం, ఒకప్పుడు హైడాటిడ్‌తో బాగా నలిగింది. 1959లో దీనికోసమే చట్టం తెచ్చారు. కుక్కలకి క్రమం తప్పకుండా మందు పట్టించేవారు. మా పక్కింటి ముసలాయన చెప్తాడు, ఊళ్ళో కుక్కలన్నిటినీ ఒకచోట కట్టేసి విరేచనాల మందు పోసేవారట, అదొక జాతరలా ఉండేదట. 2002లో దేశం నుంచి పోయినట్టేనని తాత్కాలికంగా ప్రకటించారు. అయినా రూల్ అలాగే ఉంది. పశువుల అవయవాలు కుక్కకి పెట్టాలంటే కనీసం 30 నిమిషాలు నీళ్ళలో మరగబెట్టాలి.

అన్నట్టు విటమిన్ ఏ మాట వచ్చింది కాబట్టి, 1912లో అంటార్కిటికాలో మాసన్, మెర్ట్జ్ అనే ఇద్దరు తిండి అయిపోయి స్లెడ్జి లాగే తమ కుక్కల్నే తిన్నారు, కార్జంతో సహా. చర్మం ఊడిపోయి, మతి చెదిరి మెర్ట్జ్ 1913 జనవరిలో చనిపోయాడు. కుక్క కార్జంలోని విటమిన్ ఏ వల్లే అయ్యుంటుందని తర్వాత కొందరు పరిశోధకులు అన్నారు. కుక్కకి కార్జం పెట్టే థ్రెడ్‌లో కుక్క కార్జం కథ చెప్పకుండా ఉండలేకపోయాను, క్షమించండి.

రా_ఫీడర్_రవళి (బెంగళూరు) · ఉదయం 9:05

డాక్టర్ గారూ, కోడి అవయవాల్లో ఈ తిత్తి రాదు కదా? అలాగైతే నా పద్ధతి మార్చుకోనక్కర్లేదేమో.

పశువుల_డాక్టర్ (కడప, రిటైర్డ్) · 9:50

రాదమ్మా. కోడితో హైడాటిడ్ భయం లేదు. సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా ఉంటాయి. కుక్క ఆరోగ్యంగానే ఉండి దొడ్డిలో వాటిని వదులుతూ ఉంటుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో పచ్చి కోడి మాంసానికి, కుక్కల్లో కాళ్ళు చచ్చుబడే ఒక నరాల జబ్బుకి ఉన్న సంబంధం చూపించారు. కాంపిలోబాక్టరే దానికి కారణం కావచ్చని వాళ్ళ అంచనా. ఫ్రీజర్ బాక్టీరియాని చంపదు, ఆపి ఉంచుతుంది అంతే. మన కరెంటు కోతల్లో ఆపడం కూడా అనుమానమే. నువ్వు లెక్క తెలిసి, గిన్నెలు వేడినీళ్ళతో కడుక్కుంటూ, పసిపిల్లలు లేని ఇంట్లో చేస్తున్నావు. నేనైతే వద్దంటాను, కానీ నీతో పోట్లాడను.

రా_ఫీడర్_రవళి (బెంగళూరు) · 9:58

పోట్లాడండి సార్, పర్లేదు :) గిన్నెలు మాత్రం నిజంగానే వేడినీళ్ళతో కడుగుతాను.

నీలికళ్ళ_హస్కీ (హైదరాబాద్) · 10:20

మా వాడికి మూడు నెలలకోసారి పురుగుల మందు వేస్తా. సరిపోతుందా? (సీరియస్‌గానే అడుగుతున్నా.)

పశువుల_డాక్టర్ (కడప, రిటైర్డ్) · 10:45

ఏ మందు అన్నది చూడు. ఎకినోకాకస్‌ని చంపేది ప్రాజిక్వాంటెల్. పైపరజిన్, పైరాంటెల్ మాత్రమే ఉన్నవి ఏలికపాములకి పనికొస్తాయి, దీనికి కాదు. అట్ట మీద పేరు చదువు. పురుగు ఆరేడు వారాల్లోనే గుడ్లు పెడుతుంది కాబట్టి పచ్చి గొర్రె అవయవాలు తినే కుక్కకి మూడు నెలలంటే చాలా ఆలస్యం. ఆరు వారాలకోసారి వెయ్యాలి. అంతకన్నా ఆ తిండి ఆపడం సులువు. మందు వేసిన తర్వాత రెండు మూడు రోజులు దొడ్డి ఎత్తి పూడ్చిపెట్టు, గుడ్లని ఆ మందు చంపదు.

బ్రూనో_డాడీ (హనుమకొండ) · గురువారం రాత్రి 8:30

అప్‌డేట్. ఎక్స్‌రే తీశారు. ఎముకలు పలచగా ఉన్నాయి, విరగలేదు. సరైన సమయానికి వచ్చారన్నారు. పెద్ద జాతి పిల్లల కోసం తయారుచేసే తిండికి మార్చమన్నారు, కార్జం పూర్తిగా బంద్, నెల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే. ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర వేశారు. ఇంట్లో మా అందరికీ స్కానింగ్ అవసరమా అని అడిగాను. ఇప్పుడే తీస్తే ఏమీ కనిపించదు, కంగారు పడకండి, చేతులు కడుక్కోండి, కుక్క మూతి పాప మొహానికి దూరంగా ఉంచండి అన్నారు. పాప ఒప్పుకోవడం లేదు, అది వేరే యుద్ధం.

ఫ్రీజర్లో ఇంకా రెండు కిలోలు ఉంది. మా ఆవిడ అరగంట మరగబెట్టి వీధికుక్కలకి వేద్దామంటే సరే అన్నాను. ఊపిరితిత్తులు గిన్నెలో నీళ్ళ మీద తేలుతూనే ఉన్నాయి, మూతని పైకి తోస్తున్నాయి. ఇల్లంతా వాసన. పై వాటా ఆంటీ వచ్చి "ఇవాళ ఏం స్పెషల్" అని అడిగి వెళ్ళింది.

కొండపల్లి_బొమ్మ (విజయవాడ) · 8:41

ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది, అందుకే తేలుతాయి. చిన్న ముక్కలు కోసి, పైన బరువు గిన్నె పెట్టు తమ్ముడూ. అరగంట లెక్క నీళ్ళు తెర్లడం మొదలయ్యాక, స్టవ్ వెలిగించినప్పటి నుంచి కాదు.

సండే_మటన్ (ఖమ్మం) · ఆదివారం మధ్యాహ్నం 2:20

ఈ థ్రెడ్ మొత్తం నాన్నకి చదివి వినిపించాను. మొదట "ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడేంట్రా" అన్నారు. కర్నూలు పెద్దమ్మ గారి సంగతి రెండోసారి చదవమన్నారు. ఈరోజు పొద్దున షాపులో మూత ఉన్న బకెట్ ఒకటి పెట్టారు, బుడగలన్నీ అందులోకే. ముందు కూర్చునే నాలుగు కుక్కలు పదకొండు దాకా చూసి చూసి వెళ్ళిపోయాయి. ఇప్పుడు బకెట్ నిండింది. మున్సిపాలిటీ బండిలో వేస్తే డంపింగ్ యార్డులో మళ్ళీ కుక్కలే తింటాయి. వెనక ఖాళీ స్థలం ఉంది. పూడ్చాలంటే ఎంత లోతు తవ్వాలి సార్?

పశువుల_డాక్టర్ (కడప, రిటైర్డ్) · 2:45

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. మూడు నాలుగడుగుల లోతు, బావికి దూరంగా. ముందు ఆ కోతల్ని మరగబెట్టగలిగితే ఇంకా మంచిది, లేదంటే సున్నం చల్లి మట్టి వేసి తొక్కండి. పైన బండరాయి పెట్టడం మర్చిపోవద్దు. ఆ నాలుగు కుక్కలూ రాత్రికి వాసన పట్టుకుని వస్తాయి.